శిక్షణకు వెళ్లాలా, పదవి వదిలేయాలా?

ఈసారి ఒక ఫ్యాక్టరీ కార్మికురాలి ఉత్తరం తీసుకుంటున్నాను. పేరూ ఊరూ రాయవద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాను. ఆమెకు 38 ఏళ్లు. ప్యాకింగ్ సెక్షన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. ఎనిమిది నెలల కిందట ఆ సెక్షన్‌కు యూనియన్ ప్రతినిధి అయ్యారు. "ఎన్నికయ్యాననడం కంటే మిగిలానంటే నిజం, ఇంకెవరూ ముందుకు రాలేదు" అని ఆమే రాశారు. ఈ పనికి జీతం లేదు, అలవెన్సు లేదు. భోజన విరామంలోనో, షిఫ్టు అయ్యాకో చేసుకోవాలి.

నాలుగో నెలలో ఆ సెక్షన్‌లోనే పనిచేసే ఒకామెకు యాజమాన్యం నోటీసు ఇచ్చింది. చెప్పకుండా మూడు రోజులు డ్యూటీకి రాలేదని ఆరోపణ. విచారణకు పిలిస్తే తోడుగా మన పాఠకురాలు వెళ్లారు. నలభై నిమిషాలు లోపల కూర్చున్నారు. ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయారు. చివర్లో ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నప్పుడు ఆమె వీరి వైపు చూసింది. వీరు తల దించుకున్నారు. ఆమె సంతకం పెట్టేసింది. అందులో తప్పు ఒప్పుకున్నట్టు రాసి ఉందని బయటికొచ్చాక తెలిసింది. రెండు వారాలు జీతం లేని సస్పెన్షన్, దానిపైన ఆఖరి హెచ్చరిక. అప్పటినుంచి ఆమె వీరితో మాట్లాడటం మానేసింది.

వచ్చే నెలలో యూనియన్ కొత్త ప్రతినిధులకు ఐదు రోజుల శిక్షణ తరగతులు పెడుతోంది. సూపర్‌వైజర్‌ను అడిగితే "ఆర్డర్లు మీద ఉన్నాయి, ఇప్పుడు కుదరదు, కావాలంటే నీ సొంత సెలవు పెట్టుకుని పో" అన్నాడట. తోటివాళ్లు "నువ్వు అక్కడ హాయిగా కూర్చుంటే నీ పని మా నెత్తిన పడుతుంది" అంటున్నారు. యూనియన్ కార్యదర్శి పేరైతే పంపాడు కానీ "క్లాసుల్లో ఏముంటుందమ్మా, చేస్తూ ఉంటే అదే వస్తుంది" అని కూడా అన్నాడు. భర్తకు నైట్ షిఫ్టులు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఉత్తరం చివర ఆమె రాసిన మాటలు ఇవి: "పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు ఆపేశాను. ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ క్లాసులో కూర్చోవాలంటే కడుపులో తిప్పుతోంది. అందరి ముందు ఏదైనా అడిగితే పరువు పోతుంది. చేతకాకుండా ఈ పదవిలో ఉండటం కంటే రాజీనామా చేయడమే నిజాయితీ అనిపిస్తోంది. మీరేమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సెలవు గురించి ఒక పేజీ రాశారు, క్లాసు భయం గురించి అర పేజీ రాశారు. ఆ విచారణ గురించి రాసింది తొమ్మిది లైన్లే. కానీ అందులో ఆ గదిలో గడియారం ఎక్కడుందో కూడా రాశారు. మీకు నిద్ర పట్టనివ్వనిది సెలవు కాదని నాకు అర్థమైంది.

మూడు వేర్వేరు విషయాలను మీరు ఒకే ముడిగా వేసుకున్నారు. సెలవు దొరుకుతుందా లేదా అన్నది కాగితాలతో తేలే వ్యవహారం. క్లాసు భయం మొదటి రోజు మధ్యాహ్నానికల్లా చాలావరకు తగ్గిపోతుంది. ఎందుకలా అంటున్నానో కింద చెబుతాను. మిగిలింది ఆ సహోద్యోగిని విషయం. దానికి మీరు "నేను పనికిరాను" అని పేరు పెట్టుకుని, దానికి మందుగా రాజీనామా అనుకుంటున్నారు. ముందు దాని సంగతే చూద్దాం.

ఆ రోజు మీకు ధైర్యం లేకపోయిందని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ధైర్యం లేనివారు ఆ గదిలోకే వెళ్లరు. మీకు లేనిది సమాచారం. విచారణకు ముందే ఆరోపణ పత్రం, హాజరు రికార్డు కాపీలు అడగవచ్చని మీకెవరూ చెప్పలేదు. చదవడానికి టైమ్ కావాలి, వాయిదా వేయండి అనవచ్చని చెప్పలేదు. కాగితం ముందు పెట్టినప్పుడు "మేమిద్దరం రెండు నిమిషాలు బయటికెళ్లి మాట్లాడుకుని వస్తాం" అనవచ్చని కూడా చెప్పలేదు. ఈ చివరి వాక్యం ఒక్కటి తెలిసి ఉన్నా ఆ సంతకం ఆ క్షణంలో పడేది కాదేమో. చాలా సంస్థల్లో "కాపీ అందింది" అని మాత్రం రాసి సంతకం పెట్టడం, "ఇందులో రాసినది ఒప్పుకుంటున్నాను" అని పెట్టడం వేర్వేరు సంగతులు. ఆ తేడా ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

తోడుగా వెళ్లినవారు ఏం చేయవచ్చో కొన్ని దేశాల్లో చట్టమే చెప్పింది. బ్రిటన్‌లో 1999లో వచ్చిన ఉద్యోగ సంబంధాల చట్టం ప్రకారం క్రమశిక్షణ విచారణకు కార్మికుడు తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడు వ్యక్తి కార్మికుడి తరఫున వాదన వినిపించవచ్చు, మధ్యలో అతనితో సంప్రదించుకోవచ్చు. అయితే అడిగిన ప్రశ్నలకు అతని బదులు తాను జవాబు చెప్పే హక్కు మాత్రం లేదు. అమెరికాలో, శిక్షకు దారితీస్తుందని భయపడే విచారణలో యూనియన్ ప్రతినిధిని తోడు కోరవచ్చని 1975లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మీ దగ్గరి నియమాలు వేరే ఉండవచ్చు. నేను చెప్పదలచింది ఇంతే: ఆ కుర్చీలో కూర్చోవడం ఒక పని. దానికి హద్దులున్నాయి, పద్ధతులున్నాయి. నేర్పితే వస్తాయి. నేర్పకుండా మిమ్మల్ని లోపలికి పంపడం మీ యూనియన్ చేసిన పొరపాటు. అందులో మీ వంతు లేదనడం లేదు, కానీ అది మీరు మోస్తున్నంత పెద్దది కాదు.

నేనూ పన్నెండేళ్లు ప్రతినిధిగా ఉన్నాను. మొదటి కేసులో మీకు పూర్తిగా ఎదురు పని చేశాను. తెగ మాట్లాడాను. మేనేజర్ మీద గొంతు పెంచాను. పది నిమిషాల్లో ఆ మీటింగ్ మా కార్మికుడి ఆలస్యం గురించి కాకుండా నా ప్రవర్తన గురించి అయిపోయింది. అతనికి ఇంక్రిమెంటు పోయింది. నాకు మాత్రం బయట జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది. రెండేళ్ల తర్వాత గానీ నేను తరగతులకు వెళ్లలేదు. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్న ప్రతి పాఠానికీ ఎవరో ఒకరు జీతంలోంచి డబ్బు కట్టారు.

అందుకే మీ కార్యదర్శి అన్న "చేస్తూ ఉంటే అదే వస్తుంది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందులో సగం నిజముంది. వంట నేర్చుకునేవాళ్లు మాడిస్తే వాళ్లే తింటారు. ప్రతినిధి మాడిస్తే పక్క మనిషి తినాలి. మీ శిక్షణ మీ ఎదుగుదల కోసం అనుకుంటే అడగడానికి మీకు మొహమాటంగా ఉంటుంది. రేపు మీ పక్క కుర్చీలో కూర్చోబోయే మనిషి కోసం అనుకుని చూడండి, సెలవు అడిగే గొంతు మారుతుంది.

ఇక ఆ సహోద్యోగిని. క్లాసుకు వెళ్లేలోపే ఆమెను కలవండి. అంతకంటే ముందు యూనియన్‌లో కేసులు చూసే సీనియర్‌ను ఒక ప్రశ్న అడగండి: ఆ శిక్ష మీద అప్పీలుకు గడువు ఇంకా ఉందా? గడువు దాటితే, ఆఖరి హెచ్చరిక ఫైలులో ఎంతకాలం ఉంటుంది, దాన్ని తీయించమని ఎప్పుడు అడగవచ్చు? నాలుగు నెలలు గడిచాయి కాబట్టి అప్పీలు దొరక్కపోవచ్చు. అయినా జవాబు తెలుసుకునే ఆమె దగ్గరికి వెళ్లండి. "నన్ను క్షమించు" అంటూ వెళితే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. "ఆ రోజు నాకు తెలియాల్సినవి తెలియలేదు, అందువల్ల నీకు నష్టం జరిగింది. ఇప్పుడు ఈ సంగతి కనుక్కున్నాను, ముందుకు వెళ్లమంటావా?" అని అడగండి. ఆమె మొహం తిప్పుకోవచ్చు. కోపంగా నాలుగు మాటలు అనవచ్చు. అది ఆమె హక్కు. మాట్లాడకపోయినా ఆమె కోసం అడిగి తెలుసుకున్నారన్న విషయం ఆమెకు చేరుతుంది.

ఈ ఒక్క పని అయ్యాక రాజీనామా గురించి ఆలోచించండి. అంతవరకు ఆ కాగితం రాయవద్దు.

ఇప్పుడు క్లాసు భయం. మీరు మనసులో చూస్తున్నది పదో తరగతి గది: బల్లలు, నల్లబోర్డు, లేచి నిలబడి జవాబు చెప్పడం, మార్కులు. ప్రతినిధుల శిక్షణ అలా ఉండదు. కార్మిక విద్యకు చాలాచోట్ల మరో సంప్రదాయం ఉంది. స్వీడన్‌లో 1912లో మొదలైన కార్మికుల విద్యా సంఘం చిన్న చిన్న అధ్యయన బృందాలతోనే పెరిగింది. ఓ పదిమంది చుట్టూ కూర్చుని, తమకు తెలిసింది చెప్పుకుంటూ, తెలియనిది కలిసి చదువుకోవడం. నేటి ప్రతినిధుల తరగతుల్లోనూ ఎక్కువగా ఆ పద్ధతే కనిపిస్తుంది. నలుగురైదుగురిని ఒక గుంపు చేస్తారు. ఒక సమస్య ఇస్తారు. ఉదాహరణకు, గర్భిణి అయిన కార్మికురాలిని బరువులెత్తే పనిలో వేశారు, మీ దగ్గరికి వచ్చింది, మొదటి గంటలో ఏం చేస్తారు? ఎవరితో మాట్లాడతారు, ఏం రాసుకుంటారు, ఏ మాట ఇవ్వకూడదు? గుంపులో చర్చించి, ఒకరు చెబుతారు. ఆ ఒకరు మీరే కానక్కరలేదు. పాఠం చెప్పేవారు కూడా చాలాసార్లు ఒకప్పటి ప్రతినిధులే. మామూలుగా పరీక్ష ఉండదు, మార్కులుండవు.

ఒక విషయం దాచకుండా చెబుతాను. నటించి చూపే సెషన్ ఒకటి ఉంటుంది. ఒకరు మేనేజర్, ఒకరు కార్మికుడు, ఒకరు ప్రతినిధి. విచారణ జరుగుతున్నట్టే కూర్చోబెడతారు. మీకు అన్నిటికంటే కష్టమయ్యేది అదే, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ అదే. వీలైతే మొదట మేనేజర్ వేషం అడిగి తీసుకోండి. బల్లకు అటువైపు కూర్చుంటే, ప్రతినిధి నిశ్శబ్దంగా నోట్సు రాసుకుంటున్నప్పుడు మేనేజర్‌కు ఎంత ఇబ్బందిగా ఉంటుందో తెలుస్తుంది. మాట్లాడకుండా కూర్చున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు కదా. చేతిలో పెన్ను ఉండి, ప్రతి మాటా టైముతో సహా రాస్తూ మాట్లాడకుండా ఉండటం వేరే సంగతని అక్కడ చూస్తారు.

లెక్కలంటారా, జీతం చీటీ చదవడం, ఓవర్‌టైమ్ లెక్క కట్టడం లాంటివి ఉండవచ్చు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. పదకొండేళ్లుగా రోజుకు ఎన్ని పెట్టెలు కట్టారో, ఎన్నింటికి లెక్క రాశారో తెలిసిన మనిషి మీరు. ఆ గదిలో ఓవర్‌టైమ్ లెక్కలో తప్పు పట్టేవారిలో మీరు ముందుంటారని నా నమ్మకం. చదవడం రాయడంలో ఇబ్బంది ఉంటే, లేదా ఊరికే భయంగా ఉంటే, తరగతులు నడిపేవారికి ముందే ఫోన్ చేసి చెప్పండి. అలా చెప్పేవారు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఎవరి చేతా గట్టిగా చదివించకుండా వాళ్లు చూసుకుంటారు.

ఆ ఐదు రోజుల్లో వకీలు అయిపోరు. చట్టం సెక్షన్లన్నీ నోటికి రావు, రావాల్సిన పనీ లేదు. వచ్చేది ఏమిటంటే, మీ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. సభ్యురాలు చెప్పింది ఎవరికి చెప్పవచ్చు, ఎవరికి చెప్పకూడదు. ఏది మీరే సూపర్‌వైజర్‌తో మాట్లాడి తేల్చేయవచ్చు, ఏది వెంటనే పైవారికి ఇచ్చేయాలి. ఇది తెలియక చాలామంది ప్రతినిధులు ఊళ్లో బరువంతా నెత్తికెత్తుకుని ఏడాదిలో అలిసిపోతారు. పైగా విరామంలో కలిసేవారు ఉంటారు. వేరే ఫ్యాక్టరీ నుంచి, ఆసుపత్రి నుంచి, బస్సు డిపో నుంచి వచ్చినవారు. మీలాంటి కేసే మాకూ వచ్చిందని వారిలో ఒకరైనా చెబుతారు. వారి ఫోన్ నంబర్లు తీసుకోండి. నా తరగతుల నోట్సు ఎక్కడో పోయింది. అక్కడ పరిచయమైన ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను.

సెలవు విషయానికి వద్దాం. మీ సూపర్‌వైజర్ నోటితో అన్నమాటను మీరు జవాబుగా తీసుకున్నారు. మీరు నోటితో అడిగారు, ఆయన నోటితో కాదన్నారు. అంతకంటే ఏమీ జరగలేదు.

ప్రతినిధికి శిక్షణ కోసం సమయం అడగడం దయ అడగడం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1971లో కార్మిక ప్రతినిధుల గురించి 135వ కన్వెన్షన్ చేసింది. ప్రతినిధిగా ఉన్నందుకు, యూనియన్ పని చేసినందుకు ఉద్యోగంలోంచి తీసేయడంతో సహా ఎలాంటి హానీ జరగకుండా రక్షణ ఉండాలనీ, పని చేయడానికి తగిన సౌకర్యాలు ఇవ్వాలనీ అందులో ఉంది. అదే ఏడాది వచ్చిన 143వ సిఫారసు ఇంకాస్త విడమరిచి చెప్పింది: యూనియన్ సమావేశాలకూ శిక్షణ తరగతులకూ వెళ్లడానికి ప్రతినిధికి అవసరమైన సమయం ఇవ్వాలి, అందువల్ల జీతం, ఇతర ప్రయోజనాలు పోకూడదు. అయితే ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ఆయా దేశాల చట్టానికో ఒప్పందానికో వదిలేసింది. 1974లో వచ్చిన 140వ కన్వెన్షన్ జీతంతో కూడిన విద్యా సెలవు గురించి. అందులో యూనియన్ విద్య కూడా స్పష్టంగా ఉంది. వీటిని పట్టుకుని రేపే సూపర్‌వైజర్ మీదికి వెళ్లకండి. కన్వెన్షన్‌ను ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది, సిఫారసు ఎవరినీ కట్టిపడేయదు. మీరు అడుగుతున్నది వింత కోరిక కాదని మీకు మీరు నమ్మడానికి ఇది చెప్పాను.

కొన్ని దేశాలు దీన్ని గట్టిగా చట్టంలో పెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌లో ఆర్థిక, సామాజిక, యూనియన్ శిక్షణకు ఏ ఉద్యోగైనా ఏడాదికి 12 రోజుల వరకు సెలవు అడగవచ్చు. జర్మనీలో ఉద్యోగులు ఎన్నుకునే కార్మిక మండలి సభ్యులకు, పదవీకాలంలో మూడు వారాలు జీతంతో శిక్షణకు హక్కు ఉంది. మొదటిసారి ఎన్నికైనవారికి నాలుగు వారాలు. కొత్తవారికి ఎక్కువ కావాలని ఆ చట్టమే గుర్తించింది చూడండి. బ్రిటన్‌లో యాజమాన్యం గుర్తించిన యూనియన్ ప్రతినిధులకు, వారి పనికి సంబంధించిన శిక్షణ కోసం "సమంజసమైన" సమయం జీతంతో ఇవ్వాలి. ఎన్ని రోజులో అంకె లేదు కాబట్టి అక్కడ ఆ మాట చుట్టూ చాలా వాదనలు నడుస్తుంటాయి.

మీరు ముందుగా చూడాల్సింది మాత్రం మీ యూనియన్‌కూ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఒప్పందం. కాపీ కార్యదర్శి దగ్గర ఉంటుంది. "ప్రతినిధుల సౌకర్యాలు" అనో, "ఆన్ డ్యూటీ" అనో, "యూనియన్ పని నిమిత్తం సెలవు" అనో ఒక పేరా ఉందేమో చదవండి. ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే మీ దేశ చట్టం ఏమంటుందో యూనియన్‌లో అడగండి. అదీ లేకపోతే, ఇంతకుముందు ప్రతినిధులు తరగతులకు ఎలా వెళ్లారో కనుక్కోండి. ఆన్ డ్యూటీ మీద వెళ్లారా, సొంత సెలవు మీదా? పాత ఆనవాయితీకి కూడా బలం ఉంటుంది.

అప్పుడు ఒక ఉత్తరం రాయండి. సూపర్‌వైజర్ పేరున, కాపీ హెచ్ఆర్‌కు, ఇంకో కాపీ యూనియన్‌కు. తేదీలు, తరగతుల పేరు, ఏమేం నేర్పుతారో ఒక పేజీ జత చేయండి. ఆ ఐదు రోజులు మీ స్థానంలో ఎవరిని వేస్తే లైను ఆగదో మీరే ఒక సూచన రాయండి. ఫలానా తేదీలోపు జవాబు ఇవ్వమని అడగండి. ఈ వారంలోనే రాయండి, ఎందుకంటే ముందుగా చెప్పలేదన్న ఒక్క కారణంతో చాలా దరఖాస్తులు పోతాయి. ఈ ఉత్తరం రాయడమే మీ మొదటి బేరసారం అనుకోండి.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. ఒప్పుకుంటే గొడవ లేదు. "ఇప్పుడు కాదు" అంటే, అది నిజం కూడా కావచ్చు, ఆర్డర్లు నిజంగానే మీద ఉండవచ్చు. అప్పుడు "మరి ఎప్పుడు?" అని తేదీ అడిగి రాతలో తీసుకోండి. తర్వాతి బ్యాచ్‌కు పంపుతామని రాసిస్తే ఒప్పుకోవడంలో తప్పు లేదు. కాకపోతే ఆ మధ్యకాలంలో ఏ విచారణకూ మీరొక్కరే వెళ్లకూడదు, సీనియర్ వస్తేనే వెళతానని యూనియన్‌కు ముందే చెప్పేయండి. మూడోది, పూర్తిగా కాదనడం. అక్కడినుంచి అది మీ పోరాటం కాదు. ఆ కాగితం యూనియన్ చేతిలో పెట్టి పక్కకు జరగండి. మీ సెలవు గురించి మీరే కొట్లాడితే, రోజూ ఆ సూపర్‌వైజర్ కింద పనిచేయాల్సింది మీరే.

సొంత సెలవు పెట్టుకుని వెళ్లడం గురించి మీరు దాదాపు నిర్ణయించుకున్నట్టు రాశారు. నాకు సందేహంగా ఉంది. పిల్లలకు జ్వరం వస్తే పెట్టుకోవాల్సిన రోజులవి. ఇంకో సంగతి, ఒకసారి మీరు అలా వెళితే, తర్వాత వచ్చే ప్రతినిధికి "ఆమె తన సెలవు మీద వెళ్లింది కదా" అంటారు. అయినా, మీ దగ్గర చట్టమూ ఒప్పందమూ ఏమీ లేక, తరగతులు మళ్లీ ఏడాది దాకా లేకపోతే, ఈ ఒక్కసారికి అలాగే వెళ్లమంటాను. వెళుతూ "ఇది నా హక్కు వదులుకున్నట్టు కాదు, ఆనవాయితీగా తీసుకోవద్దు" అని ఒక లైను రాసి ఇచ్చి వెళ్లండి.

ఆన్‌లైన్ తరగతులు కూడా ఉన్నాయని మీ కార్యదర్శి చెప్పారని రాశారు. చట్టం, ఆరోగ్య భద్రత నియమాలు లాంటివి అలా నేర్చుకోవచ్చు. కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక, భర్త డ్యూటీలో ఉండగా, ఫోన్ తెర ముందు ఎంతసేపు కూర్చోగలరో మీకే తెలుసు. మీకు కావాల్సింది గదిలో నోరు విప్పడం. అది తెర మీద సరిగా రాదు. మొదటి శిక్షణ మనుషుల మధ్య, తర్వాతివి ఆన్‌లైన్‌లో అయితే బాగుంటుంది. కొన్నిచోట్ల వారానికి ఒక రోజు చొప్పున కొన్ని వారాలు నడిపే కోర్సులు ఉంటాయి. ఇంటి బాధ్యతలు ఉన్నవారికి, లైను మీద భారం పడకూడదనుకునేవారికి అది నయం. మీ యూనియన్‌లో అలాంటిది ఉందేమో అడగండి.

తోటివాళ్ల మాట మీద మీకు కోపంగా ఉన్నట్టుంది. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు. మీ స్థానంలో మనిషిని వేయకపోతే మీ పని వాళ్ల మీదే పడుతుంది. అందుకే ఉత్తరంలో ఆ విషయం రాయమన్నాను. వాళ్ల కోసం మనిషిని అడిగారని తెలిస్తే మాట మారుతుంది. వెళ్లేముందు భోజన విరామంలో నలుగురిని అడగండి, "అక్కడ మన గురించి ఏం అడిగి రమ్మంటారు?" అని. ఒకరు టాయిలెట్ విరామం గురించి అంటారు, ఒకరు చేతి నొప్పుల గురించి. ఆ ప్రశ్నలు రాసుకెళ్లి, జవాబులు తెచ్చి, పది నిమిషాల్లో చెప్పండి. ఆయన చెప్పాడు, ఈమె చెప్పింది అంటూ ఐదు రోజుల కథంతా చెప్పకండి.

మీ వారు "నీకేమొస్తుంది దీనివల్ల" అని అడిగారని రాశారు. డబ్బు రాదు, అది నిజం. నిజమే చెప్పండి. ఆ ఐదు రోజులు ఆయన షిఫ్టు మార్చుకోగలరా అని కూడా అదే రోజు అడగండి. ఆఖరి నిమిషంలో అడిగితే ఇంట్లోనూ సూపర్‌వైజర్ జవాబే వస్తుంది.

రాజీనామా గురించి. అది పాపం కాదు. ఇది జీతం లేని పని, ఎవరూ మిమ్మల్ని కట్టేయలేరు. ఇంటి పరిస్థితి వల్ల సాగకపోతే, ఏడాది నిండాక గౌరవంగా ఇంకొకరికి అప్పగించవచ్చు. లేదా సెక్షన్‌కు ఇద్దరు ప్రతినిధులు కావాలని, పని పంచుకుంటామని యూనియన్‌ను అడగవచ్చు. నాకైతే ఈ రెండోదే నచ్చుతుంది. ఒకరు విచారణలో మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకోవచ్చు. ఇప్పుడే వదిలేస్తే మాత్రం ఒకటి జరుగుతుంది: ఎవరూ ముందుకు రాని కుర్చీ మళ్లీ ఖాళీ అవుతుంది, లేదా సూపర్‌వైజర్‌కు నచ్చిన మనిషి వచ్చి కూర్చుంటారు. ఆ కొత్త మనిషి కూడా ఏ శిక్షణా లేకుండానే మొదటి విచారణకు వెళతారు. ఎనిమిది నెలల్లో మీరు నేర్చుకున్నది మీతోనే బయటికి పోతుంది.

శిక్షణ అయ్యాక ఒంటరిగా వదిలేస్తే ఐదు రోజుల్లో నేర్చింది ఐదు వారాల్లో పోతుంది. అందుకే కార్యదర్శిని ఇప్పుడే ఒకటి అడిగి పెట్టుకోండి. తిరిగి వచ్చాక మొదటి రెండు కేసుల్లో సీనియర్ మాట్లాడతారు, మీరు పక్కన కూర్చుని రాస్తారు. మూడో దాంట్లో మీరు మాట్లాడతారు, వారు పక్కన ఉంటారు. "చేస్తూ ఉంటే వస్తుంది" అన్న మనిషి కాబట్టి దీనికి కాదనలేరు.

మొదటి రోజు ఉదయం అందరినీ పరిచయం చేసుకోమంటారు. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంటుందని తెలుసు, కాబట్టి ముందే అనుకుని వెళ్లండి: పేరు, ప్యాకింగ్ సెక్షన్, పదకొండేళ్ల సర్వీసు, ఎనిమిది నెలలుగా ప్రతినిధి, ఒక విచారణకు వెళ్లాను, అక్కడ ఏం చేయాలో తెలియలేదు, అది నేర్చుకోవడానికి వచ్చాను. అంతే, కూర్చోండి. ఆ సహోద్యోగిని మీతో మాట్లాడి, ఆ సంతకం పెట్టిన కాగితం కాపీ ఇస్తే, పేరు, వివరాలు కనబడకుండా చేసి తరగతికి తీసుకెళ్లి ట్యూటర్‌కు చూపించండి. ఆమెకు ఇష్టం లేకపోతే రెండోసారి అడగవద్దు.